నిప్పు మూట

మా అమ్మాయి కాలేజీ స్నేహితులతో కలిసి డిసెంబరులో ఉత్తరాఖండ్ ట్రెక్కింగ్‌కు వెళ్తానంది. వెంట తెచ్చుకోవలసిన వస్తువుల జాబితా ఒకటి వాళ్ళ గ్రూపులో తిరుగుతోందట, నాకూ పంపింది. జాకెట్టు, టార్చిలైటు, మందులు, విజిల్ వరకు బాగానే అర్థమయింది. ఆ కింద "అత్యవసర నిప్పు సామగ్రి" అని రాసి నాలుగు పేర్లు ఉన్నాయి. ఫెర్రో రాడ్, తడవని అగ్గిపుల్లలు, లైటర్, టిండర్. "టిండర్ అంటే ఏందే?" అని అడిగితే "నిప్పు అంటుకోవడానికి ఎండు పీచులాంటిది అమ్మా, ఆన్‌లైన్లో ప్యాకెట్ దొరుకుతుంది" అంది.

ఎండు పీచును డబ్బులిచ్చి కొనడమా! గుమ్మఘట్టలో ఎండినదానికి ఏం కరువు?

మా వైపు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. మాది రాయదుర్గం పక్కన, అనంతపురం జిల్లాలో పడమటి వైపు. కాస్త పోతే కర్ణాటక. కొట్లో సగం మంది అగ్గిపెట్టె అడిగితే, సగం మంది బెంకి పొట్టణ అడుగుతారు. వేదావతి ఉంది, దాని మీద భైరవానితిప్ప డ్యామ్ ఉంది, అవి నిండుగా కనబడిన ఏడాది పండగే. జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదీ మనకు కావలసినప్పుడు పడదు. చెనక్కాయ పూతకొచ్చినప్పుడు ముఖం చాటేసి, పీకి ఆరబెట్టినప్పుడు వచ్చి కూర్చుంటుంది.

ఆ దీపావళి ముందూ వెనకా పడే వానల్లోనే నిప్పు విలువ తెలిసేది. ముఖ్యంగా గొర్రెలున్న ఇళ్ళలో.

మా మరిది గొర్లు మేపుతాడు. మా దగ్గర మేత అయిపోయాక మందను తోలుకుని నెలల తరబడి బయటే ఉంటాడు. పగలు మేపుకుని రాత్రికి ఎవరో ఒక రైతు చేలో మంద నిలుపుతారు. ఎరువుకు ఎరువు ఆ రైతుకు, కొన్ని గింజలో డబ్బులో వీళ్ళకు. గుడారం అనేది పేరుకే, ఒక టార్పాలిన్ పట్ట. తోడేళ్ళు వస్తాయని రాత్రంతా ఒక మూల మంట ఉండాలి. ఈనిన గొర్రె పిల్లను కాచుకోవడానికీ మంటే, రాగిముద్ద వండుకోవడానికీ మంటే.

కొన్నేళ్ళ కిందట కార్తీకంలో ముసురు పట్టుకుంది. రెండు పగళ్ళు, రెండు రాత్రులు తెరిపి లేదు. మా మరిది మంద ఊరికి చాలా దూరంగా నల్లరేగడి నేలల్లో ఉంది. చొక్కా జేబులో ఉన్న అగ్గిపెట్టె నాని ముద్దయింది. పట్ట కింద దాచిన రెండో పెట్టె బయటికి బాగానే ఉందిగానీ చెమ్మ తగిలి, గీస్తే మందు ఊడి వచ్చింది. దగ్గర్లో ఇల్లు లేదు. రెండో రాత్రి ఏడు పిల్లలు చలికి బిగుసుకుపోయాయి. తడిసిన కంబళి కొప్పెరలో రెండు పిల్లల్ని గుండెకు అదుముకుని కూర్చున్నాడట. ఆ రెండే బతికాయి. తెల్లారి ఎవరో ట్రాక్టరు మీద పోతూ చూసి ఆపేసరికి మనిషికి మాట రావడం లేదు, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. వారం రోజులు జ్వరం. "ఒక్క పుల్ల వదినా, ఒక్క పుల్ల వెలిగుంటే చాలు" అని జ్వరంలో కూడా అదే మాట.

ఆ తర్వాత మా తోడికోడలు, నేను కూర్చుని ఒక మూట తయారుచేశాం. అప్పటి నుంచి మంద బయలుదేరే ముందు ఆ మూట కట్టడం మా ఇద్దరి పని. పిల్ల పంపిన జాబితా చూడగానే నాకు ఆ మూటే గుర్తొచ్చింది. హిమాలయం అయితే ఏమి, రేగడి చేను అయితే ఏమి, తడిసి వణుకుతున్న మనిషికి కావలసింది ఒకటే.

దసరా సెలవులకు పిల్ల ఇంటికి వచ్చినప్పుడు ఆ ఆన్‌లైన్ సరుకంతా వెంట తెచ్చింది. సరే, నమ్మకమైనదేదో తేల్చుకుందామని పెరట్లో బక్కెట్ నిండా నీళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. మా ఆయన పేపరు పక్కన పెట్టి "గుమ్మఘట్ట ప్రయోగశాల" అని నవ్వుకుంటూ కుర్చీ లాక్కున్నారు.

ముందు మామూలు అగ్గిపెట్టె. దాని సంగతి మా మరిది అనుభవం చెప్పనే చెప్పింది. కానీ ఎందుకు పనిచేయదో తెలిస్తే దాన్ని కాపాడుకునే దారి కూడా తెలుస్తుంది. మనం వాడే సేఫ్టీ అగ్గిపుల్ల తలలో పొటాషియం క్లోరేట్ ఉంటుంది, పెట్టె పక్కన గీసే పట్టీలో ఎర్ర భాస్వరం ఉంటుంది. రెండూ రాసుకుంటేనే మంట. అందుకే అది "సేఫ్టీ". అంటే పుల్లలు ఎంత భద్రంగా దాచినా, ఆ పట్టీ తడిస్తే అంతా వృథా. చాలామంది పుల్లల్నే కాపాడతారు, పెట్టెను వదిలేస్తారు. మేము చేసేదేమంటే పట్టీని కత్తిరించి, పుల్లలతోపాటు మాత్రలు వచ్చే చిన్న ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగిస్తాం. పట్టీ ముఖం బయటివైపుకు, పుల్లల తలలకు తగలకుండా. పుల్లల తలల్ని ముందే కరిగిన కొవ్వొత్తిలో ముంచి ఆరనిస్తాం, గీసేటప్పుడు గోటితో కొంచెం మైనం గీకితే చాలు. 2021 డిసెంబరు నుంచి అగ్గిపెట్టె రూపాయి నుంచి రెండు రూపాయలయింది, అదీ 14 ఏళ్ళ తర్వాత. ఏ సరుకు ధర అంత కాలం కదలకుండా ఉంది చెప్పండి? ఒకటికి మూడు సీసాలు నింపి, మూడు వేర్వేరు చోట్ల పెట్టండి. ఒకటి సంచిలో, ఒకటి జేబులో, ఒకటి బట్టల మధ్య. ఒకే చోట మూడు పెట్టెలు పెడితే మూడూ ఒకేసారి తడుస్తాయి.

తర్వాత లైటర్. నీళ్ళలో ముంచి తీస్తే చక్రం జారింది, వెలగలేదు. ఊది, విదిలించి, పమిట చెంగుతో తుడిచి కాసేపు ఉంచితే వెలిగింది. ఇది మంచి వస్తువే. కాకపోతే అందులో ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ఆవిరి కావడం మానేస్తుంది. మంచు కొండల మీద సంచి పై అరలో పెట్టుకుంటే అవసరానికి మొరాయిస్తుంది. లోపలి జేబులో, ఒంటి వెచ్చదనం తగిలేచోట పెట్టుకోమన్నాను. (వాళ్ళ గదిలోని ఒకమ్మాయి వంటింటి గ్యాస్ లైటర్ తెస్తానందట. అది గ్యాసును వెలిగిస్తుందిగానీ దూదిని వెలిగించదమ్మా!)

మూడోది ఫెర్రో రాడ్. వేలెడు నల్ల కడ్డీ, దాన్ని గీకే ఉక్కు ముక్క. చూడగానే మా ఆయన "ఇది చెకుముకి రాయి కదా" అన్నారు. చుట్టరికం ఉంది గానీ తేడా కూడా ఉంది. చెకుముకిలో రాయి ఉక్కును చెక్కుతుంది, ఆ ఉక్కు రవ్వే కాలుతూ రాలుతుంది. మా చేలల్లో దొరికే తెల్ల పలుగురాయితో కూడా అది చేయొచ్చు. మా మామగారి తాతల కాలంలో ఒక తోలు తిత్తిలో రాయి, ఉక్కు, కాస్త కమర్చిన బూరుగు దూది ఉండేవట, బీడీకీ పొయ్యికీ అదే. ఫెర్రో రాడ్‌లో మాత్రం ఇనుముతోపాటు సీరియం అనే లోహం కలుపుతారు, కడ్డీయే రాలి మండుతుంది. ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ వాన్ వెల్స్‌బాక్ 1903లో కనిపెట్టాడు. మన జేబు లైటర్‌లో చక్రం కింద ఉండే చిన్న రాయి కూడా ఇదే.

బక్కెట్‌లో ముంచి తీసి తుడిచి గీకితే పిడుగు పడ్డట్టు రవ్వలు రాలాయి. ముందుగా దాని మీది నల్ల పూత గీకెయ్యాలి, లేకపోతే ఏమీ రాదు, "దొంగ సరుకు" అని తిట్టుకుంటారు. తడిసినా పనిచేస్తుంది, చలికి భయం లేదు, వేల సార్లు వస్తుంది. అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "చూశావా అమ్మా, మీ అగ్గిపెట్టెల సీసాలు ఇక అక్కర్లేదు."

"సరే, మంట వెయ్యి చూద్దాం" అన్నాను.

ఇరవై నిమిషాలు గీకింది పాపం. కింద వేపపుల్లలు పేర్చింది, వాటి మీద రవ్వలు రాలుస్తూనే ఉంది. పుల్లలకు చీమ కుట్టినట్టు కూడా లేదు. చేతులు నొప్పి పుట్టి కూర్చుంది. గొర్ల దొడ్డి ఊడ్చి వస్తున్న మా తోడికోడలు ఆ అవస్థ చూసి చీపురు పక్కన పడేసింది.

"ఏం పాపా, నిప్పు చంటిబిడ్డ మాదిరి. పుట్టీ పుట్టకముందే రాగిముద్ద పెడితే మింగుతుందా? ముందు పాలు పట్టల్ల, ఆమైన గంజి, ఆమైన ముద్ద" అంటూ కొట్టంలోకి పోయి చేటలో ఏవేవో తెచ్చింది. కొబ్బరి పీచును రెండు అరచేతుల మధ్య నలిపి పిచ్చుక గూడులాగా చేసింది. అది పాలు. దాని పక్కన చీపురు పుల్లలంత సన్నవి, మీద వేలంత కందికట్టె, పక్కన ఎదురుచూస్తూ తుమ్మ కట్టె, పిడక. "ఇప్పుడు గీకు" అంది. రెండోసారికే పీచులో ఎర్రటి చుక్క పడింది. "ఆ, ఊదొద్దు ఊదొద్దు, దగ్గరగా పట్టుకుని మెల్లిగా… బిడ్డ ముఖం మీద ఊదినట్టు." మంట లేచింది.

నా లెక్క ప్రకారం, ఆ జాబితాలో నాలుగో పేరుగా, అన్నిటికన్నా అడుగున పడేసిన ఆ "టిండర్"ను మొదట రాయాలి. రవ్వ ఎక్కడినుంచైనా పుట్టించొచ్చు. దాన్ని పట్టుకుని పెంచేది లేకపోతే ఎన్ని వందలు పెట్టి కొన్న కడ్డీ అయినా దీపావళి కాకరపువ్వొత్తే.

మరి వానలో అంతా తడిసినప్పుడు ఆ పాలు ఎక్కడినుంచి వస్తాయి? వెంట తీసుకుపోవాలి. మా మూటలో ఉండేవి అవే. చెప్తే నవ్వుతారేమో, అన్నీ మన దేవుడి గూట్లోవీ, వంటింట్లోవీ.

మొదటిది కర్పూరం. నీళ్ళలో కరగదు. తడి తుడిచి పుల్ల చూపిస్తే అంటుకుంటుంది, నీళ్ళ మీద తేలుతూ కూడా మండుతుంది. దానికున్న జబ్బు ఒక్కటే, గాలికి హరించుకుపోతుంది. అందుకే గట్టి మూత ఉన్న డబ్బీ కావాలి, ఆరునెలలకోసారి తీసి చూసుకోవాలి. లేదంటే అవసరానికి ఖాళీ డబ్బీ వాసన చూసుకోవాల్సిందే. ఇంకో సంగతి, ఇప్పుడు మనం కొనే కర్పూరంలో ఎక్కువభాగం పైన్ చెట్ల జిగురునుంచి తీసిన టర్పెంటైన్‌తో తయారైనదే. అమ్మాయి పోతున్న కొండల నిండా ఆ పైన్ చెట్లే. మా పూజగది కర్పూరం పుట్టింటికి పోతోందన్నమాట.

రెండోది దూది వత్తులు. మామూలు పువ్వొత్తుల్ని వాజలిన్‌లో బాగా పిసికి డబ్బీలో కుక్కుతాం. వెలిగించే ముందు ఒకదాన్ని విప్పి పీచు పీచుగా లాగాలి. అలా లాగిన దూది రవ్వకే అంటుకుంటుంది, వాజలిన్ ఉండటంవల్ల భగ్గున ఆరిపోదు. మా పెరట్లో చిన్న ఉసిరికాయంత ఉండ 3 నిమిషాలకు పైగా నిలకడగా మండింది. జిల్లేడు దూది కూడా ప్రయత్నించాం. రవ్వ పడితే చాలు అంటుకుంటుంది, అయితే కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. దాన్ని ఒంటరిగా నమ్మలేం.

మూడోది మా తోడికోడలి పట్టుదలతో చేరింది, సైకిల్ ట్యూబు ముక్కలు. వానాకాలంలో కట్టెల పొయ్యి వెలిగించిన ఏ ఆడదాన్ని అడిగినా చెప్తుంది. రబ్బరు నీళ్ళు తాగదు, తుడిచి అంటిస్తే మొండిగా మండుతుంది, తడి పుల్లల్ని ఆరబెట్టి మరీ అంటిస్తుంది. పొగ మాత్రం నల్లగా, ముక్కు పేలిపోయేలా వస్తుంది. ఆరుబయట అయితేనే, గాలికి పక్కన నిలబడి. వంటకు మాత్రం వద్దు. వీటికి తోడు ఒక కొవ్వొత్తి ముక్క. పుల్లలు వృథా కాకుండా ముందు కొవ్వొత్తి వెలిగించుకుంటే, ఆ మంటతో తీరిగ్గా మిగతాది రాజేసుకోవచ్చు.

కిరోసిన్ వద్దే వద్దు. కారుతుంది, తిండి వాసన కొడుతుంది, రైల్లో తీసుకుపోవడం నేరం కూడా. శానిటైజర్ చల్లి వెలిగిస్తామనే పిల్లలున్నారు, దాని మంట పగటివేళ కంటికి సరిగా కనబడదు. చెయ్యి కాలాక తెలుస్తుంది. ఇంకొకరు పాత్రలు తోమే స్టీలు పీచుకు బ్యాటరీ తగిలిస్తే మంట వస్తుందన్నారు. వచ్చేది వెంట్రుకకన్నా సన్నటి ఇనుప పీచుకు. మన తోముడు పీచు స్టెయిన్‌లెస్, లావు, దానికి ఏ బ్యాటరీ చాలదు. భూతద్దం మాట కూడా వచ్చింది. మా ఎండకు భేషుగ్గా పనిచేస్తుంది, కానీ నిప్పు కావలసింది రాత్రి వానలో కదా.

డిగ్రీలో తెలుగు చదివిన పాపానికి నాకు ఈ గొడవంతా యక్షప్రశ్నల దగ్గరికి తీసుకుపోయింది. ధర్మరాజు జవాబులు అందరికీ గుర్తే, ఆ కథ ఎందుకు మొదలైందో ఎంతమందికి గుర్తుంది? అడవిలో ఒక బ్రాహ్మణుడి అరణిని జింక కొమ్ములకు తగిలించుకుని పరుగెత్తింది. అరణి అంటే చిలికి నిప్పు పుట్టించే కొయ్య, రావితో జమ్మితో చేసేది. అంటే ఆ పేదాయన పోగొట్టుకున్నది నిప్పు సామగ్రి! దానికోసం ఐదుగురూ పరుగెత్తారు, నలుగురు పడిపోయారు. చివర యక్షుడు వరం కోరుకోమంటే ధర్మరాజు మొట్టమొదట అడిగింది రాజ్యం కాదు, ఆ అరణిని దాని సొంతదారుకు ఇప్పించమని. క్లాసులో చదివినప్పుడు ఇది నాకు ముఖ్యంగా తోచలేదు. మా మరిది మంచం పక్కన కూర్చున్నప్పుడు తోచింది.

1991లో ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దు మంచులో ఒక మనిషి దేహం దొరికింది, 5,000 ఏళ్ళకు పైబడినది. ఎట్జీ అని పేరు పెట్టారు. ఆయన దగ్గర బర్చి చెట్టు బెరడుతో చేసిన డబ్బా ఉంది, అందులో ఆకుల్లో చుట్టిన నిప్పు కణికలు పెట్టుకున్న గుర్తులున్నాయి. పైగా నిప్పు అంటుకునే ఒక రకం ఎండు పుట్టగొడుగు కూడా. నిప్పుకు రెండు ఏర్పాట్లు! చదివి ముచ్చటేసింది. మా అత్త చిన్నప్పుడు పక్కింటికి పోయి పిడక మీద నిప్పు కణిక అడిగి తెచ్చుకునేవాళ్ళట, రాత్రి దాన్ని బూడిద కప్పి పొద్దునకు దాచేవాళ్ళట. పిడక అంత నెమ్మదిగా కాలేది ఇంకోటి లేదు. బీడీ బంకుల దగ్గర వేలాడే కొబ్బరి తాడు కూడా అదే కుదురు.

ఇవన్నీ చెప్తున్నానని కట్టెల పొయ్యి రోజులు మేలని నేను అనను. ఊది ఊది కళ్ళు మండిన రోజులు నాకు తెలుసు, మా అమ్మ దగ్గు ఇప్పటికీ నా చెవిలో ఉంది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల వచ్చి ఎందరి ఇళ్ళలోనో ఆ పొగ తగ్గింది. తగ్గనీయండి. కానీ వానలో తడికట్టెతో పొయ్యి ముట్టించడం మా తోడికోడలి తరంతో ఆగిపోతోంది. మా అమ్మాయి ఇంజనీరింగ్ మూడో ఏడు, మంట వేయడం పెరట్లో దసరాకు నేర్చుకుంది. మూడు రోజులు వరసగా సాయంత్రంపూట ముట్టించింది. చివరి రోజు కావాలని పుల్లలన్నీ తడిపి ఇచ్చాం. ట్యూబు ముక్కతో, వత్తితో పన్నెండు నిమిషాల్లో మంట లేపింది. అప్పుడు నాకు కాస్త ధైర్యం వచ్చింది.

ఆర్పడం కూడా నేర్పించాం, అదీ అంతే ముఖ్యం. నీళ్ళు పోసి, కెలికి, మళ్ళీ పోసి, బూడిదను చేత్తో తాకి చల్లగా ఉందని చూశాకే లేవాలి. అక్కడి పైన్ ఆకులు రాలి ఎండి పరుపులాగా పరుచుకుంటాయి, ఆ కొండల్లో ఎండాకాలం మంటలకు అవే పెద్ద కారణం. మన దగ్గర కూడా రిజర్వు ఫారెస్టులో నిప్పు రాజేయడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం. అందుకే అమ్మాయికి గట్టిగా చెప్పాను. ఈ మూట సరదా మంటకు కాదు, ఫొటోలకు అసలే కాదు. దారి తప్పి, తడిసి, వణుకు ఆగనప్పుడు విప్పేది. గుడారంలో మంటగానీ బొగ్గుల కుంపటిగానీ పెట్టకూడదు. ఆ బొగ్గు వాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. నైలాన్ చున్నీలు, జుట్టు సంగతి మనకు వేరే చెప్పాలా.

మా మరిది మంద వచ్చే వారం బయలుదేరుతోంది. ఈసారి రెండు మూటలు కట్టాం, ఒకటి ఆయనకు, ఒకటి పిల్లకు. ఆయన మూటలో కొత్తగా ఫెర్రో రాడ్ చేరింది. తీసుకుని రెండుసార్లు గీకి చూసి, కొప్పెరలో దోపుకుని "బాగుంది వదినా, ట్యూబు ముక్కలు ఎక్కువ పెట్టండి" అన్నాడు.

కార్తీకమాసం, మీరంతా వత్తులు చేస్తూనే ఉంటారు. బయట తిరిగేవాళ్ళు ఇంట్లో ఉంటే ఒక ఇరవై ఎక్కువ చేసి పక్కన పెట్టండి. నెయ్యి రాయకండి, చీమలు పడతాయి. వాజలినే మేలు.